గంట మోగితేనే లెక్క

పిక్కల మాస్టారు ఎదుటి మనిషి మొహం చూడడు. కాలి పిక్క చూస్తాడు. చూడగానే కోపం తెచ్చుకుంటాడు. ఆ పిక్క సన్నబడి ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావని కోపం, బాగానే ఉంటే ఇక్కడికెందుకొచ్చి నా టైము తింటున్నావని కోపం. ఆసుపత్రి రెండో అంతస్తులో పొద్దున తొమ్మిదింటికి ఆయన గది తలుపు తెరిచిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా ఆ వరండాలో వినిపించేవి మూడే మూడు. టక్ టక్ మనే పెట్టె చప్పుడు, ఒక చిన్న గంట మోగడం, ఆ గంట మోగనప్పుడల్లా మాస్టారు పెట్టే కేక.

"లెక్క కాదు!"

ఈ కేకను తొమ్మిదేళ్ళుగా మూడడుగుల దూరం నుంచి విన్న మనిషి ఒకావిడ ఉంది. ఆ గదిలో రిజిస్టరు రాసే ఉద్యోగం ఆవిడది. అందరూ రిజిస్టరమ్మ అంటారు. మాస్టారి గురించి ఎవరికైనా బాగా తెలుసంటే ఆవిడకే తెలియాలి, ఆయనతో ఎవరైనా పూర్తిగా విసిగిపోయారంటే అదీ ఆవిడే. బదిలీ కోసం నాలుగుసార్లు అర్జీ పెట్టుకుంది. కారణం అన్న చోట నాలుగుసార్లూ ఒకటే మాట రాసింది: అరుపులు.

మాస్టారు ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు. ఆయన ఫిజియోథెరపిస్టు. పెద్దపెద్దవాళ్ళని గోడవైపు తిప్పి నిలబెట్టి, ఒంటికాలి మీద అంకెలు చెప్పిస్తాడు గనక మాస్టారయ్యాడు. నడుములో నరం నలిగి, ఏళ్ళ తరబడి తుంటి నుంచి మడమ దాకా నొప్పి లాగేవాళ్ళని పై డాక్టర్లు ఆయన దగ్గరికి పంపిస్తారు. వాళ్ళ పిక్కలో బలం ఎంత మిగిలిందో కొలవడం ఆయన పని.

కొలిచే పద్ధతి చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. గోడకి వేళ్ళ కొసలు మాత్రమే ఆనించాలి. ఒక కాలు ఎత్తేసి, రెండో కాలి మోకాలు వంచకుండా, లయ కోసం పెట్టిన చిన్న పెట్టె టక్ మన్నప్పుడల్లా మునివేళ్ళ మీద లేవాలి. రెండు ఇనుప స్టాండ్ల మధ్య పాదానికి కాస్త పైన దారం కట్టి ఉంటుంది. మడమ సరిగ్గా పైకి లేస్తే పాదం దారానికి తగులుతుంది, దారానికున్న గంట మోగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలు ఇరవై దాటి మోగిస్తుంది. గంట మోగకపోతే లెక్క కాదు. మోకాలు వంచితే లెక్క కాదు. గోడని అరచేత్తో నెడితే లెక్క కాదు. "అమ్మో" అని ఆగి ఊపిరి పీల్చుకుంటే అసలే కాదు.

ఆ గంట మాస్టారి ఇంట్లో పిల్లి మెడలోది. ఒకరోజు పొద్దున్నే విప్పి జేబులో వేసుకొచ్చేశాడు. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో పాలకి భద్రత లేదని ఆయన భార్య రెండుసార్లు గదికొచ్చి మరీ చెప్పి వెళ్ళింది.

"ఇంకో గంట కొనుక్కోవచ్చుగా?"

"దీని చప్పుడు సరిగ్గా ఉంది."

"గంట చప్పుడు గంటలాగే ఉంటుందండీ!"

"నీకు తెలీదు. ఇది సగం తగిలితే మోగదు. నిజాయితీగల గంట."

పిల్లి కన్నా గంట మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్న మగవాడితో ఏం మాట్లాడతాం అనుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

మాస్టారికి మొహాలు గుర్తుండవు. రిజిస్టరమ్మకి మొదట్లో ఇది నమ్మశక్యం కాలేదు. ఒకరోజు వరండాలో ఒక పెద్దమనిషి ఎదురై చేతులు జోడించాడు.

"మాస్టారూ, బాగున్నారా? నేను గుర్తున్నానా?"

మాస్టారు ఆయన మొహంలోకి ఖాళీగా చూశాడు. "ప్యాంటు ఎత్తు."

పెద్దమనిషి అటూ ఇటూ చూసి ప్యాంటు మోకాలిదాకా ఎత్తాడు.

"ఓరి! ఎడమ పధ్నాలుగు!" మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఎలా ఉన్నావయ్యా? మీ అమ్మాయి పరీక్షలు బాగా రాసిందా?"

అంతా గుర్తుంటుంది. ఇల్లు, ఉద్యోగం, పిల్లలు ఏం చదువుతున్నారో అన్నీ. కానీ ఆ జ్ఞాపకాలన్నీ పిక్క దగ్గర దాచిపెట్టుకుంటాడు, మొహం దగ్గర కాదు. ఆ వరండాలో ప్యాంట్లు ఎత్తి పలకరించుకునే మనుషుల్ని చూసి కొత్తగా చేరిన నర్సులు బిత్తరపోయేవాళ్ళు.

ఆయనతో పార్కుకి వెళ్ళడం కన్నా ప్రమాదం లేదు. ఒకసారి, నిక్కరు వేసుకుని పరుగెత్తుతున్న ఒక కుర్రాడి వెనకాల పడి, "ఆగు! కుడి పిక్క ఒకటిన్నర సెంటీమీటరు తక్కువుంది! నడుము నొప్పి ఉందా?" అని అరుచుకుంటూ చెరువుగట్టు దాకా పరుగెత్తాడు. కుర్రాడు భయపడి ఇంకా జోరుగా పరుగెత్తాడు. చివరికి కాపలావాడు వచ్చి మాస్టారినే పట్టుకున్నాడు. కాపలావాడి పిక్క చూసి ఆయన ఇంకా గట్టిగా అరిచాడట.

సొంతవాళ్ళు, పరాయివాళ్ళు అన్న తేడా లేదు. ఆయన ఆఖరి బావమరిదికి అగ్నిమాపక దళంలో ఉద్యోగం వచ్చింది. అదివరకెప్పుడో జారిపడి నడుము దెబ్బతిన్నవాడు కావడంతో పిక్కల బలం కాగితం తెమ్మన్నారు. రెండు కాళ్ళూ ఇరవై రావాలి. ఎడమ కాలు పందొమ్మిది దగ్గర ఆగింది. ఇరవయ్యోసారి మడమ లేచింది, పాదం దారందాకా వెళ్ళింది, గంట మాత్రం మోగలేదు.

"తగిలింది బావా! తగిలింది!"

"మోగిందా?"

"గాలికి మోగలేదు గానీ తగిలింది!"

"లెక్క కాదు. అమ్మా, పందొమ్మిది రాయి."

రిజిస్టరమ్మ ఆ రోజు పందొమ్మిది రాస్తూ ఆ కుర్రాడి మొహం చూడలేకపోయింది. మాస్టారి భార్య రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. మూడో వారం మాట్లాడింది గానీ అవేవీ రిజిస్టరులో రాసుకునే మాటలు కావు. బావమరిది కసిగా రెండు నెలలు మెట్ల మీద మడమలెత్తి, వచ్చి ఇరవై ఆరు మోగించాడు. ఇరవై ఏడోది మోకాలు వంగిందని మాస్టారు కొట్టేశాడు.

రిజిస్టరమ్మ ఒక్కసారి దొంగపని చేసింది. ఒక ముసలి వాచ్‌మన్, ఆరేళ్ళ నొప్పి, చెమటలు కక్కుతూ పన్నెండు మోగించాడు. పాపం అనిపించి పదమూడు రాసింది. సాయంత్రం మాస్టారు రిజిస్టరు తిరగేస్తూ ఆగిపోయాడు.

"ఈ పదమూడో గంట ఎవరు విన్నారు?"

"నేను విన్నాను."

"నాకు వినపళ్ళేదే?"

"మీరు అరుస్తున్నారుగా, ఎలా వినపడుతుంది?"

మాస్టారు నిజంగానే ఒంటికాలి మీద లేచాడు. ఎర్ర సిరాతో పదమూడు కొట్టేసి పన్నెండు చేశాడు. "పన్నెండు వచ్చిన కాలికి పదమూడు రాస్తే, డాక్టరు దానికి పదమూడుకి తగ్గ మందే ఇస్తాడు. పదమూడుకి తగ్గ పనే చెబుతాడు. నీ జాలితో ఆ కాలు నడుస్తుందా?" అని గోడలు అదిరేలా కేకలేశాడు. రిజిస్టరమ్మ ఆ రోజు కోపంతో ఏడ్చింది. నాలుగో అర్జీ ఆ రాత్రే రాసింది. అన్నిటికన్నా ఆవిడకి ఒళ్ళు మండిన సంగతి ఇంకొకటుంది. ఇంట్లో కూతురు తాడాట ఆడుతుంటే తనకి తెలియకుండానే "మోకాలు వంగింది, లెక్క కాదు!" అని అరిచింది. పిల్ల తాడు పారేసి తండ్రి దగ్గరికి పోయింది.

అటువంటి రోజుల్లో దర్జీ ఆవిడ వచ్చింది.

యూనిఫారాలు కుట్టే పెద్ద కార్ఖానాలో పదిహేనేళ్ళుగా మిషను మీద పని. రోజంతా కుడికాలితో పెడలు తొక్కాలి. ఆరేళ్ళుగా నడుములోంచి కుడి మడమ దాకా నొప్పి. మధ్యాహ్నం దాటితే పెడలు మీద కాలు నిలవదు, కుట్టు వంకరపోతుంది. చేత్తో బొత్తాలు కుట్టే బల్ల దగ్గరికి మార్చమని అడిగింది, అంతే. సూపర్వైజరు ఆవిడని కార్ఖానా డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు ఆవిడ పాదం కింద అరచెయ్యి పెట్టి, "నొక్కమ్మా" అన్నాడు. ఆవిడ నొక్కింది. "బలం మామూలుగానే ఉంది" అని రాసేశాడు. సూపర్వైజరు దాని కింద "పని ఎగ్గొట్టడానికి నాటకం" అని తన వంతు రాశాడు. పదిరోజుల్లో ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంటుంది. వాళ్ళూ మామూలే అంటే ఉద్యోగం పోతుంది, పైగా నాటకాలాడే మనిషి అన్న పేరు మిగులుతుంది. ఆవిడే వెతుక్కుని మాస్టారి గదికొచ్చింది.

కాగితం చదవగానే మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"చేత్తో నొక్కించాడా? చేత్తో! పిక్క అంటే ఏమనుకుంటున్నాడు వాడు? ఒంటి బరువంతా రోజంతా మోసే కండ అది! అందులో సగం చచ్చినా ఆ మిగతా సగం వాడి చేతిని ఎత్తి అవతల పడేస్తుంది! నడుములో నరం నలిగితే నొప్పి అరిచి గోలపెట్టి చెబుతుందమ్మా. బలం మాత్రం చెప్పకుండా పోతుంది. దాన్ని చేత్తో పట్టుకుంటాట్ట!"

"ఇవన్నీ నాకెందుకు చెబుతున్నారు? ఆ డాక్టరుకి చెప్పండి" అంది దర్జీ ఆవిడ. ఆవిడా కోపంగానే ఉంది. ఆరేళ్ళ కోపం.

రిజిస్టరమ్మకి ఆవిడ వెంటనే నచ్చింది.

ఎడమ కాలు ఇరవై నాలుగు మోగించింది. కుడికాలు మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కాలు దించేసింది.

"రావట్లేదు" అంది గోడవైపు చూస్తూ.

మాస్టారు నేలమీద మోకాళ్ళమీద కూర్చుని ఆ పిక్కని రెండు నిమిషాలు చూశాడు. తర్వాత మెల్లగా లేచాడు. ఆయన మెల్లగా లేచాడంటే పెద్ద ఉపద్రవమని రిజిస్టరమ్మకి తెలుసు.

"వణుకేది?"

"ఏం వణుకు?"

"అలసిన పిక్క వణుకుతుంది. వణక్కుండా ఏ పిక్కా ఆగదు. ఇది ఆగలేదు, నువ్వు ఆపావు."

దర్జీ ఆవిడ మొహం నల్లబడింది.

"అవును, ఆపాను! మా పక్క మిషనామె చెప్పింది తక్కువ చెయ్యమని. ఆరేళ్ళు నిజం చెప్పాను, ఒక్కడు నమ్మాడా? అబద్ధం చెబితేనైనా నమ్ముతారేమోనని ఆపాను. తప్పా?"

"తప్పే! లెక్క కాదు! అమ్మా, రాసుకో. కుడి, నాలుగు దగ్గర కావాలని ఆపింది, లెక్క కాదు."

రిజిస్టరమ్మ కలం బల్లమీద పెట్టేసింది. "నేను రాయను."

"ఏమిటీ?"

"రాయను మాస్టారూ. ఆవిడ కాలు నిజంగానే బాగాలేదు. మీకూ తెలుసు. ఈ మాట రాస్తే కమిటీ వాళ్ళకి అదే చాలు. ఆవిడ ఉద్యోగం మన చేత్తో మనమే పీకినట్టు."

మాస్టారు రిజిస్టరు లాక్కుని తన కోడిగీతల రాతతో తనే రాశాడు. రాసి దర్జీ ఆవిడవైపు తిరిగాడు. "రేపు తొమ్మిదింటికి రా. ఎల్లుండీ రా. ఆవలెల్లుండీ రా. కోపంగా రా."

"కోపంగా రమ్మని మీరు ప్రత్యేకం చెప్పక్కర్లేదు!" అని తలుపు ధడేల్న వేసి వెళ్ళింది. మాస్టారు ఆ వెనకాలే ఇంకా ఏదో తిడుతూ వరండాలోకి పోయాడు. రిజిస్టరమ్మ ఐదో అర్జీ కాగితం తీసింది. ఈసారి కారణం అన్న చోట రాయడానికి అరుపులు అన్న మాట చాలలేదు.

దర్జీ ఆవిడ వచ్చింది. మర్నాడు తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చి కుడికాలు దారం కింద పెట్టింది.

"ఎత్తు!"

"ఎత్తుతున్నా!"

"గంటేదీ?"

"మీ గంట సరిగ్గా లేదు!"

"గంట బానే ఉంది, నీ మోకాలు సరిగ్గా లేదు! అది లెక్క కాదు! మళ్ళీ!"

"మీ ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారండీ?"

"భరించట్లేదు! ఎనిమిది! ఎత్తు!"

తొమ్మిది దగ్గర పిక్క వణకడం మొదలైంది. పది దగ్గర ఆ వణుకు తొడదాకా పాకింది. పదకొండో గంట మోగింది. పన్నెండుకి మడమ నేల వదల్లేదు. ఆవిడ పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, నుదురు గోడకి ఆనించి లాగింది. లేవలేదు.

"చాలు" అన్నాడు మాస్టారు. ఆ గదిలో ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ పలకలేదు. "పదకొండు. రాయమ్మా."

రెండో రోజూ పదకొండే. మూడో రోజు పది. టేపు పెట్టి కొలిస్తే కుడి పిక్క ఎడమ పిక్క కన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ. మూడు రోజులూ వాళ్ళిద్దరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

కమిటీ కార్ఖానాలోనే కూర్చుంది, పై అంతస్తులో ఆఫీసు గదిలో. మాస్టారు స్టాండ్లు, దారం, గంట, టక్ టక్ పెట్టె అన్నీ మోసుకెళ్ళాడు. రిజిస్టరమ్మ రిజిస్టరు పట్టుకెళ్ళింది. దారి పొడుగునా ఆవిడ బుర్రలో ఒకటే ఆలోచన. ఆ మొదటి రోజు పేజీ ఎవరి కంటా పడకూడదు. ఆవిడ దాన్ని వెనక పేజీకి జిగురు పెట్టి అంటించేసింది. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో అంత పెద్ద నేరం ఆవిడ చెయ్యలేదు.

బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో తల నెరిసిన పెద్ద డాక్టరమ్మ, ఆవిడే అధ్యక్షురాలు. ఒకపక్క కార్ఖానా డాక్టరు, ఇంకా నలభై రాలేదు. రెండోపక్క సూపర్వైజరు. ఇటువైపు కుర్చీలో దర్జీ ఆవిడ, రెండు చేతులూ ఒళ్ళో బిగించి.

రిజిస్టరమ్మ అంకెలు చదివింది. ఎడమ ఇరవై నాలుగు. కుడి పదకొండు, పదకొండు, పది.

కార్ఖానా డాక్టరు నవ్వాడు. "మేడమ్, ఇందులో ఏముంది? ఆవిడకి ఆపాలనిపించినప్పుడు ఆపుతుంది. పదకొండు దగ్గర ఆపిందో, ఆగిపోయిందో ఎవరు చెప్పగలరు?"

"అదే నేనూ అంటా" అన్నాడు సూపర్వైజరు. "నాటకం."

"అమ్మా" అన్నాడు మాస్టారు. "మొదటి రోజు పేజీ తియ్యి."

రిజిస్టరమ్మ ఆ పేజీ అంచుని బొటనవేలితో నొక్కిపెట్టింది. "అది... దొరకట్లేదు మాస్టారూ."

"ఇంతకుముందు పేజీయే."

"అంటుకుపోయింది."

మాస్టారు రిజిస్టరు లాక్కున్నాడు. జిగురు చూశాడు, ఆవిడ మొహంలోకి చూశాడు. తొమ్మిదేళ్ళలో ఆయన ఆవిడ మొహం చూడడం బహుశా అదే మొదటిసారి. పర్రుమని పేజీ విడదీసి బిగ్గరగా చదివాడు.

"కుడి, నాలుగు దగ్గర కావాలని ఆపింది, లెక్క కాదు."

దర్జీ ఆవిడ కళ్ళు మూసుకుంది. సూపర్వైజరు కుర్చీలో వెనక్కి వాలి, "చెప్పానా!" అన్నాడు. రిజిస్టరమ్మకి ఆ ఇనుప స్టాండు తీసి మాస్టారి నెత్తిన వెయ్యాలనిపించింది. చెయ్యి కూడా కదిలింది.

"ఇది ఎవరి రాత?" అంది పెద్ద డాక్టరమ్మ.

"నాదే. ఈవిడ అబద్ధమాడిన రోజు అబద్ధమని రాశాను. నిజం చేసిన మూడు రోజులూ నిజమని రాశాను. కావాలని ఆపితే పిక్క వణకదు, చచ్చేదాకా లాగితే వణుకుతుంది, నేను ఆ రెండూ చూశాను. మొదటి రోజు రాత మీకు కావాలి, మిగతావి వద్దు అంటే కుదరదు. నమ్మితే నాలుగు రోజులూ నమ్మండి, లేకపోతే నాలుగూ చింపేసి నన్ను ఇంటికి పంపండి!"

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆ కోడిగీతల్ని మళ్ళీ ఒకసారి చూసింది.

మాస్టారు ఊరుకుంటేగా. కార్ఖానా డాక్టరు మీద పడ్డాడు. "డాక్టరుగారూ, మీ చేత్తో ఇప్పుడు నొక్కించి చూడండి. బలం ఎంత?"

డాక్టరు చెయ్యి పెట్టాడు. దర్జీ ఆవిడ నొక్కింది. "మామూలే" అన్నాడు.

"అయితే దారం కింద నిలబెట్టండి."

పెట్టె టక్ టక్ మంది. అందరూ వంగి ఆ పిక్కనే చూశారు. తొమ్మిది దగ్గర వణుకు. పదకొండో గంట. పన్నెండు లేవలేదు.

"అసలు ఈ దారం ఎత్తు ఎవరికైనా సాధ్యమా?" అన్నాడు డాక్టరు, ఇంకేం తోచక.

అనకుండా ఉండాల్సింది. రెండు నిమిషాల తర్వాత ఆయన బూటు విప్పి, ప్యాంటు మడిచి, గోడవైపు తిరిగి ఒంటికాలి మీద ఉన్నాడు.

"అది లెక్క కాదు! మోకాలు!"

"వంచలేదు!"

"వంచారు! గోడని నెట్టకండి! అదీ లెక్క కాదు! పదమూడు! చదువుకున్నవాళ్ళు ఇలా దొంగతనాలు చేస్తే ఎలాగండీ? పధ్నాలుగు!"

డాక్టరు ఇరవై ఒకటి దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది. పెద్ద డాక్టరమ్మ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగింది. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. కాస్త తేరుకున్నాక కాగితం ముందుకు లాక్కుని రాసింది. కుడి పిక్కలో బలం సగానికి పైగా తగ్గింది. పెడలు పని వద్దు. బొత్తాల బల్లకి మార్చాలి.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అని దర్జీ ఆవిడని అడిగింది.

"చెప్పాలి. నాటకం అని రాశారు కదా, ఆ మాట కొట్టెయ్యాలి. నా ముందే."

సూపర్వైజరు కొట్టేశాడు. ఒక గీత గీస్తే ఆవిడ ఒప్పుకోలేదు, కింద అక్షరాలు కనిపిస్తున్నాయంది. మూడుసార్లు గీయించింది.

బయటికి వచ్చాక ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పుకోలేదు. మెట్ల దగ్గరే గొడవ మొదలైంది.

"నలుగురిలో నన్ను అబద్ధాలకోరు అన్నారు" అంది దర్జీ ఆవిడ.

"అన్నాను. కాదా?"

"అవును. అయినా మెల్లగా చదవొచ్చుగా!"

"నాకు మెల్లగా రాదు! రెయిలింగు పట్టుకో! కుడికాలు ముందు దించు, ఆ కాలు కాదు, కుడి!"

రిజిస్టరమ్మ స్టాండ్లు రెండూ చంకలో పెట్టుకుని పైమెట్టు మీద ఆగింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ తన బల్ల దగ్గరే కూర్చుని, పేషెంటు వెనకాల మాస్టారి తిట్లు వరండా దాటి కిందికి పోవడం విన్నది. గదిలో తిట్టింది చాలక వీధిదాకా తరుముతున్నాడనుకుంది. ఆ తిట్లు మెట్ల మీద ఎలా దిగుతాయో ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. మాస్టారు దర్జీ ఆవిడ వెనకాల లేడు. ఆవిడకి ఒక మెట్టు కింద, ఆవిడవైపే తిరిగి, రెండు చేతులూ సగం చాపి, వెనక్కి వెనక్కి దిగుతున్నాడు. నోరు తిడుతూనే ఉంది. కళ్ళు మాత్రం ఆ కుడి పిక్క మీదే ఉన్నాయి.

"మాస్టారూ! అటు తిరిగి దిగండి, పడిపోతారు!"

"నీకు లెక్కలు రావా?" అని పైకి అరిచాడు. "తొమ్మిదేళ్ళుగా రాస్తున్నావు! ఈ కాలు పదకొండు. ఈ మెట్లు ఇరవై రెండు. పదకొండు దాటాక ఆ మడమ ఆవిడ మాట వింటుందా? అప్పుడు ఆవిడ ఎవరిమీద పడాలి, నేలమీదా?"

రిజిస్టరమ్మకి రిజిస్టరంతా కళ్ళముందు తిరిగింది. ఎడమ పధ్నాలుగులు, కుడి ఆరులు, తను పన్నెండుకి పదమూడు రాసిన ఆ ముసలి వాచ్‌మన్. ఆ అంకెలన్నీ డాక్టర్ల కోసమని, కాగితాల కోసమని అనుకుంది. ఈయన ప్రతి మనిషికీ ఎన్ని మెట్ల తర్వాత చెయ్యి అడ్డం పెట్టాలో లెక్కేసుకుంటున్నాడు. పదమూడని రాస్తే ఒక మెట్టు ఆలస్యమవుతుంది.

ఆవిడకి ఏడుపు రావాలి. కోపం వచ్చింది. ఈ సంగతి ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే తన తొమ్మిదేళ్ళ ప్రశాంతత మిగిలేది కదా!

అంతలో ఇంకో సంగతి తట్టింది. మాస్టారికి అరవై దగ్గర పడుతున్నాయి. వెనక్కి దిగుతున్నాడు. వెనక కళ్ళు లేవు.

రిజిస్టరమ్మ స్టాండ్లు అక్కడే గోడకి ఆనించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, వాళ్ళిద్దరి పక్కనుంచి దూసుకుంటూ దిగి, మాస్టారికి ఒక మెట్టు కింద నిలబడింది.

"ఏమిటమ్మా, అడ్డం?" అన్నాడాయన.

"ఆ అడుగు అంత వెనక్కి వెయ్యకండి! మెట్టు అంచున పడింది! లెక్క కాదు, మళ్ళీ వెయ్యండి!"

దర్జీ ఆవిడ ఆరేళ్ళలో మొదటిసారి ఫక్కున నవ్వింది. ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ మెల్లగా కిందికి దిగారు.